ఇంటి ముందు నల్ల చుక్క: బండి ఆయిల్ లీకు ఎక్కడిదో ఇంట్లోనే ఎట్లా కనిపెట్టాలి, ఎంతవరకు మనమే బాగు చేసుకోవచ్చు

మా ఇంట్లో ఈ విషయం ఒక చెప్పుతో మొదలైంది. తెల్లారుజామున అబ్బా ఫజర్ నమాజుకు బయలుదేరుతూ వసారాలో చీకట్లో ఏదో జారుడు పదార్థం మీద కాలేశారు. పడలేదు కానీ చెప్పంతా నల్ల జిడ్డు, పైజామా అంచుకు ఒక మరక. వెనక్కి వచ్చి లైటు వేసి చూస్తే తమ్ముడి బండి కింద అరచేయంత నల్ల మరక. "ఏందిరా ఇది, ఎన్నాళ్ళ నుంచి కారతా ఉంది?" అని అడిగితే తమ్ముడు దుప్పట్లోంచే "రెండు నెలలుగా ఉంది అబ్బా, చిన్న చుక్కేగా" అన్నాడు.

తమ్ముడు ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తాడు. పోనూ రానూ రోజుకి యాభై కిలోమీటర్ల పైనే. ఆ బండి నడిస్తేనే జీతం. అంతకు ముందు వారమే ఒక షెడ్డులో చూపించాడంట. వాళ్ళు ఇంజన్ తుడిచి, ఆయిల్ మార్చి, "ప్యాకింగ్ పోయింది, ఇంజన్ దించాల" అని పెద్ద అంకె చెప్పారు. ఇంజన్ దించే డబ్బు లేక ఊరుకున్నాడు. తర్వాత తేలిందేమిటంటే ఇంజన్ దించే పనే లేదు. లీకు ఎక్కడిదో చూడకుండా మందు రాసిన వ్యవహారం అది. ఆటోనగర్‌లో లారీ షెడ్లలో ముప్పై ఏళ్ళు పని చేసిన మా చాచా ఒక ఆదివారం కూర్చుని మాకు చూపించిన పద్ధతి, ఆ తర్వాత నేను మూడు నాలుగు బండ్ల మీద చేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా 100, 125 సీసీ మోటార్ సైకిళ్ళ గురించే. మన ఇళ్ళల్లో ఉన్నవి ఎక్కువ అవే కాబట్టి.

చిన్న చుక్క ఎంత చిన్నది?

లెక్క వేసి చూద్దాం. ఇరవై చుక్కలు సుమారుగా ఒక మిల్లీలీటరు. పది నిమిషాలకు ఒక చుక్క కారితే రోజుకి 144 చుక్కలు, అంటే దాదాపు 7 మిల్లీలీటర్లు. నెలకి 200 మిల్లీలీటర్లు దాటుతుంది. 100 సీసీ బండిలో మొత్తం ఉండేది లీటరు, అంతకు కొంచెం తక్కువ. నెలకి అయిదో వంతు పోయిందన్నమాట. తమ్ముడు రెండు నెలలు ఊరుకున్నాడు. పైగా ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. నడిచేటప్పుడు ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, పంపు దాన్ని నెడుతుంది, లీకు ఇంకా పెరుగుతుంది.

లారీకి, కారుకి ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మన 100 సీసీ బండ్లలో చాలావాటికి ఆ లైటే ఉండదు. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి లోపలి వేడిలో కొంత భాగాన్ని మోసేది ఆ ఆయిలే. క్లచ్ ప్లేట్లు, గేర్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. తగ్గిపోతే ముందు ట్యాపెట్ల దగ్గర టకటక చప్పుడు, తర్వాత పికప్ తగ్గడం, ఆ తర్వాత ఒక రోజు రోడ్డు మధ్యలో ఇంజన్ పట్టేయడం. హైవే మీద 60 స్పీడులో పోతా ఉండగా పట్టేస్తే వెనక చక్రం కూడా ఆగిపోతుంది. కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే రోడ్డు మీద అట్లా జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇంకో ప్రమాదం ఉంది, అది ఇంకా తొందరగా వస్తుంది. ఎడమ పక్క చైను దగ్గర కారే ఆయిల్ గాలికి వెనక టైరు మీదికి పోతుంది. టైరు మీద, బ్రేకు డ్రమ్ములోకి ఆయిల్ పోతే బ్రేకు పట్టదు, మలుపులో జారుతుంది. వెనక సీటులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని స్కూలుకి తీసుకుపోయే బండి అయితే ఇంజన్ సంగతి తర్వాత, ముందు టైరు పక్క చూడండి. టైరు తడిగా ఉంటే ఆ రోజు బండి తీయొద్దు.

ముందు అది ఇంజన్ ఆయిలేనా?

ఇది చాలామంది వదిలేసే అడుగు. బండి కింద ఒక తెల్ల అట్టముక్క వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున చుక్క రంగు, వాసన, చోటు చూడండి. నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. పెట్రోలు అయితే మరక ఆరిపోయి వాసన మాత్రం మిగులుతుంది. అది కార్బ్యురేటరు సంగతి. ముందు చక్రం దగ్గర, ఫోర్కు గొట్టం మీద జిడ్డు కనిపిస్తే అది ఫోర్కు ఆయిల్, ఇంజన్‌తో సంబంధం లేదు. డిస్క్ బ్రేకు ఉన్న బండిలో పలచగా, దాదాపు రంగు లేకుండా, పెయింటును తినేసే ద్రవం కారితే అది బ్రేక్ ఆయిల్. దాంతో ఆలస్యం చేయొద్దు.

మన దగ్గర ఇంకో మోసం ఉంది. పాత ఇంజన్ ఆయిల్ సీసాలో దాచి చైనుకి పోసే అలవాటు చాలామందికి ఉంది. పోసిన మరుసటి రోజు అది చిమ్మి ఇంజన్ ఎడమ కవరంతా, స్వింగ్ ఆర్మ్ అంతా నల్లగా చేస్తుంది. దాన్ని చూసి "సీలు పోయింది" అనుకుంటారు. మా ఆపా వాళ్ళ బండికి ఇట్లాగే అయింది. సీలు మార్చారు, మళ్ళీ జిడ్డే. చివరికి చైనుకి ఆయిల్ పోయడం ఆపితే లీకు ఆగింది. చైనుకి చైన్ స్ప్రే గానీ, గేరు ఆయిల్ పలచగా గానీ రాసి, పది నిమిషాల తర్వాత గుడ్డతో తుడిచేయాలి.

తర్వాత ఆయిల్ ఎంత ఉందో చూడాలి. బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, రెండు మూడు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి ఆపండి. రెండు నిమిషాలు ఆగి కొలత పుల్ల ఉన్న మూత విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టండి. చాలా 100 సీసీ బండ్లలో మూతను తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. సైడు స్టాండు మీద చూస్తే లెక్కే తప్పు.

ఆయిల్ కింది గీతకు తక్కువ ఉంటే సరైన గ్రేడు పోసి పై గీత వరకు తేండి, బండి స్టార్ట్ చేసేది ఆ తర్వాతే. పై గీత దాటి ఉంటే అది ఇంకో రకం తంటా. ఆయిల్ మార్చేటప్పుడు బండికి 800 మిల్లీలీటర్లు చాలు అని పుస్తకంలో ఉంటే, సీసా 900 అని, లీటరు అని మొత్తం పోసేస్తాం. "మిగిలితే ఏం చేసుకుంటాం" అని. ఎక్కువైన ఆయిల్‌ని లోపల ఒత్తిడి బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టరు డబ్బాలోకి తోస్తుంది, అక్కడి నుంచి కింది గొట్టంలో కారుతుంది. లీకు కాదు, మనం పోసిందే బయటికి వస్తోంది.

పోయకుండానే ఆయిల్ పెరిగితే? వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే కార్బ్యురేటరు లోంచి పెట్రోలు ఇంజన్ లోకి దిగుతోంది. అప్పుడు ఆయిల్ పలచబడి ప్రతి సీలు దగ్గరా చెమట పడుతుంది. ఆ ఆయిల్ వెంటనే తీసేయాలి. పాలలాగా, టీ రంగులో నురగగా ఉంటే నీళ్ళు కలిసినట్టు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు కోవూరు, పడుగుపాడు పక్క మునిగిన బండ్లని నీళ్ళు తీయగానే కిక్కు కొట్టి స్టార్ట్ చేసినవాళ్ళు ఇంజన్లు పోగొట్టుకున్నారు. మునిగిన బండికి ముందు ఆయిల్ మార్చాలి, కిక్కు తర్వాత.

కడగకుండా కనిపెట్టలేరు

ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. అందుకని చుక్క పడే చోటు లీకు అయ్యే చోటు కాదు. చాచా మాట ఒకటుంది: "కింద చూడొద్దు, పైన చూడు. వెనక చూడొద్దు, ముందర చూడు." తడిగా ఉన్న ప్రాంతంలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న తడి చుక్కే మొదలు.

ఇంజన్ బాగా చల్లారాక డీజిల్‌లో ముంచిన పాత బ్రష్షుతో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలుతో కడగొద్దు. చాలామంది చేస్తారు, ఒక్క నిప్పు రవ్వ చాలు. సైలెన్సరు వేడిగా ఉన్నప్పుడు డీజిల్ కూడా పనికిరాదు. కడిగిన నీళ్ళు బ్రేకు డ్రమ్ము మీద పడకుండా ఒక ప్లాస్టిక్ సంచి కట్టండి.

ఆరిన తర్వాత ఒళ్ళుకి రాసుకునే మామూలు పౌడరు అనుమానం ఉన్న చోట్లన్నిటా పలచగా చల్లండి. సిలిండరు కింద అతుకు, క్లచ్ కవరు అంచు, మ్యాగ్నెట్ కవరు అంచు, గేరు రాడ్డు చుట్టూ, కిక్ రాడ్డు చుట్టూ, ట్యాపెట్ మూతలు, కింద డ్రైన్ బోల్టు. అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి నిలబెట్టి చూడండి. ఏమీ కనిపించకపోతే రెండు కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి తీసుకురండి. పౌడరు మీద ఆయిల్ తాకిన చోట నల్ల గీత పడుతుంది. టార్చి వేసి చూస్తే ఆ గీత ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. తమ్ముడి బండికి రెండు చోట్ల దొరికింది: ఒకటి డ్రైన్ బోల్టు, ఇంకోటి కిక్ రాడ్డు సీలు. ఇంజన్ దించాలన్న షెడ్డు చెప్పిన ప్యాకింగ్ దగ్గర పౌడరు తెల్లగా అట్లాగే ఉంది.

డ్రైన్ బోల్టు: అందరికీ తెలిసిందే, అందరూ పాడు చేసేదే

నా లెక్కలో ఇంట్లో చూసే లీకుల్లో ఎక్కువ భాగం ఇదే. బోల్టు కింద ఒక మెత్తటి అల్యూమినియం వాషర్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగినది రెండోసారి సరిగా నలగదు. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ వాషర్ మార్చాలి. చాలా చవక వస్తువు, కానీ అడగకపోతే ఎవరూ మార్చరు. లీకు వచ్చిందని బోల్టునే ఇంకా బిగిస్తారు. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఇనుము. గట్టిగా బిగిస్తే తెగేది కేసులోని మరలే.

ఇంకో తప్పు కూడా ఇక్కడే. మీరు పైనుంచి వంగి కింది బోల్టుని తిప్పుతారు. విప్పడం అనుకుని తిప్పింది బిగించడం అవుతుంది. బోల్టు తల వైపు నుంచి, అంటే కింద నుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. అట్లా చూసినప్పుడు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే ఊడుతుంది. చేయి పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

మన తీరంలో ఇది ఇంకొంచెం కష్టం. మైపాడు, కోడూరు పక్క ఇసుకలో తిరిగే బండ్లకి, ఉప్పు నీటి చెరువుల గట్ల మీద నిలబెట్టే బండ్లకి బోల్టు తుప్పు పట్టి అల్యూమినియంతో అతుక్కుపోతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే అట్లాగే అవుతుంది. బలంతో లాగొద్దు. డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బండిని అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి కొంచెం వెచ్చబెట్టండి. బోల్టు తల మీద చిన్న సుత్తితో రెండు మూడుసార్లు మెల్లగా తట్టి, అప్పుడు సరిగ్గా పట్టే రింగు పానా పెట్టి తిప్పండి. మా బండికి 17 నంబరు. వదులుగా ఉండే పానాతో గానీ, కటింగ్ ప్లేయరుతో గానీ తిప్పితే తల గుండ్రం అయిపోతుంది.

వెచ్చటి ఆయిల్ వెడల్పు పళ్ళెంలోకి పూర్తిగా దిగనివ్వండి. చేతికి గ్లవ్స్ ఉండాలి. వాడేసిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. పిల్లలు చుట్టూ చేరతారు, వాళ్ళని దూరంగా ఉంచండి. బోల్టు, కేసు ముఖం రెండూ గుడ్డతో తుడిచి, పాత వాషర్ కేసుకి అతుక్కుని మిగిలిపోయిందేమో చూడండి. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి పడితే కారడం ఖాయం. కొత్తది వేసి బోల్టుని ముందు వేళ్ళతోనే నాలుగు చుట్లు తిప్పండి. వేళ్ళతో తిరగకపోతే మర వంకరగా పడినట్టు, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. చివర పానాతో బిగించేటప్పుడు మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు.

మర ఇప్పటికే పోయి ఉంటే? టెఫ్లాన్ టేపు చుట్టి, ఎం-సీల్ రాసి బిగించడం చూశాను. ఊరు చేరేదాకా పనికొస్తుంది, అంతే. బోల్టు ఊడి ఆయిలంతా ఒకేసారి పోతే తెలిసే లోపే ఇంజన్ పట్టేస్తుంది. లేత్ షాపులో కొత్త మర కట్ చేసి లావు బోల్టు వేస్తారు, లేదా హెలికాయిల్ అనే తీగ మర వేస్తారు. ఇంజన్ దించకుండానే అయ్యే పని. ఇంకా పెద్ద రిపేరు అవసరం లేదు. ఎవరైనా కేసు మొత్తం మార్చాలంటే ఇంకో చోట అడగండి.

సీళ్ళు

ఇంజన్ లోంచి బయటికి వచ్చే ప్రతి రాడ్డు చుట్టూ ఒక రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది: కిక్ రాడ్డు, గేరు రాడ్డు, చైను తిరిగే ముందు స్ప్రాకెట్ షాఫ్టు. వేడికి రబ్బరు గట్టిపడి అంచు పట్టు వదిలేస్తుంది. మన వైపు ఇసుక కూడా ఒక కారణం. సీలు అంచు దగ్గర చేరిన ఇసుక ఆకురాయిలాగా పని చేసి రబ్బరుని, కొన్నాళ్ళకి షాఫ్టుని కూడా అరగదీస్తుంది. బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడగమనేది అందుకే. అయితే ప్రెషర్ వాటర్ నేరుగా సీళ్ళ మీద కొట్టించకండి.

కిక్ రాడ్డు సీలు ఇంట్లో మార్చుకోవచ్చు. కిక్ రాడ్డు విప్పే ముందు అది షాఫ్టు మీద ఏ చోట ఉందో ఒక గుర్తు పెట్టండి. పాత సీలుని చిన్న స్క్రూ డ్రైవరుతో అంచు పట్టి పైకి లేపాలి. స్క్రూ డ్రైవరు షాఫ్టుకి గీసుకుంటే కొత్త సీలు కూడా కారుతుంది, ఆ ఒక్క జాగ్రత్త మీదే పని అంతా ఉంది. పాత సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అంకెలు చెప్పి తెస్తే తప్పు రాదు. పాతదాన్నే చేతిలో పట్టుకుపోతే ఇంకా మంచిది. కొత్త సీలులో స్ప్రింగు కనిపించే వైపు లోపలికి, ఆయిల్ వైపు ఉండాలి. అంచుకి కొంచెం గ్రీజు రాసి, షాఫ్టు మీది పళ్ళకి కోసుకోకుండా సన్నటి ప్లాస్టిక్ కవరు చుట్టి దాని మీదుగా జార్చండి. బయటి అంచుకి సరిపోయే సాకెట్ ఆనించి, అన్ని వైపులా సమానంగా దిగేలా మెల్లగా తట్టండి.

షాఫ్టు మీద పాత సీలు అరగదీసిన గాడి కనిపిస్తే చాచా ఒక చిట్కా చెప్పారు: కొత్త సీలుని పాతదాని లోతుకి దించకుండా ఒక మిల్లీమీటరు పైన ఆపు. అంచు కొత్త చోట ఆనుతుంది. తమ్ముడి బండికి అట్లాగే చేశాం.

స్ప్రాకెట్ సీలుకి ఎడమ కవరు తీసి, చైను తప్పించి, స్ప్రాకెట్‌ని పట్టుకునే ప్లేటు రెండు బోల్టులు విప్పితే చాలా బండ్లలో బయట నుంచే అందుతుంది. చైనుకి క్లిప్పు లింకు ఉంటే మళ్ళీ పెట్టేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పోయే దిశలో ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఊడిపోతుంది. గేరు రాడ్డు సీలు కూడా ఆ వైపే. చైను ఎప్పుడూ బిగుతుగా ఉంచే అలవాటు ఉంటే షాఫ్టు మీద లాగుడు పెరిగి ఈ సీలు మళ్ళీ మళ్ళీ పోతుంది.

కవరు ప్యాకింగ్

క్లచ్ కవరు అంచు నుంచి కారితే ముందు బోల్టులన్నీ ఒకసారి చూడండి. ఒకటి రెండు వదులైతే బిగిస్తే సరిపోవచ్చు. అప్పటికీ కారితే ప్యాకింగ్ మార్చాలి. పని కష్టం కాదు, ఓపిక కావాలి. ఆయిల్ తీసి, అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ చోటే అట్టకి గుచ్చండి. బోల్టుల పొడుగులు వేరు వేరుగా ఉంటాయి. పొడుగుది పొట్టి చోట పెట్టి బిగిస్తే కేసు పగులుతుంది. కవరు ఊడదీసేటప్పుడు సందులో స్క్రూ డ్రైవరు దూర్చొద్దు, గీత పడితే జీవితాంతం లీకే. చెక్క సుత్తితో చుట్టూ తట్టితే వదులుతుంది. లోపల రెండు చిన్న గొట్టం ముక్కల్లాంటి పిన్నులుంటాయి, కింద పడి పోగొట్టుకోకండి.

పాత ప్యాకింగ్ గీకేది వెదురు ముక్కతోనో ప్లాస్టిక్ ముక్కతోనో. గీకేటప్పుడు తుక్కు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. కొత్త కాగితం ప్యాకింగ్‌కి బండి కంపెనీ చెప్పకపోతే ఏ పేస్టూ అక్కర్లేదు. మన షెడ్లలో అనాబాండ్ ట్యూబు దండిగా పూసేస్తారు. ఎక్కువైనది లోపలికి పిండుకుని, తునకలై ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. అప్పుడు బయట లీకు ఉండదు, లోపల ఆయిల్ అందదు. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించండి. ఈ చిన్న బోల్టులకి 8 నంబరు టీ-పానాని రెండు వేళ్ళతో తిప్పినంత బలం చాలు.

ఇక ఇంట్లో ముట్టుకోకూడనివి ఉన్నాయి. సిలిండరు కింద అతుకు, హెడ్ ప్యాకింగ్, మ్యాగ్నెట్ వెనక క్రాంక్ సీలు, రెండు కేసుల మధ్య అతుకు. వీటికి పుల్లరు, కొలతలు, అనుభవం కావాలి. అక్కడ కారుతోందని పౌడరు చూపిస్తే ఫోటో తీసి మెకానిక్‌కి చూపించండి. "ఇక్కడ కారతా ఉంది" అని వేలు పెట్టి చూపించే గిరాకీకి అనవసరమైన పని చెప్పడం కష్టం. నా అనుభవంలో మంచి మెకానిక్‌లు దీనికి సంతోషిస్తారు కూడా, వాళ్ళకీ సమయం కలిసొస్తుంది.

సీళ్ళు అన్నీ కొత్తవి వేసినా నెలకే మళ్ళీ అన్ని చోట్లా చెమట పడుతుంటే, సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే, ఇంజన్ బోరుకి వచ్చినట్టు. పిస్టన్ రింగులు అరిగి మంట ఒత్తిడి కింది గదిలోకి దిగి ఆయిల్‌ని ప్రతి సందు నుంచీ తోస్తోంది. అప్పుడు సీళ్ళ మీద డబ్బు పెట్టడం దండగ.

ఆయిల్ కొనేటప్పుడు ఒక మాట. లీకు ఉందని చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని చెబుతారు. చుక్కలు కొంచెం తగ్గుతాయి, కానీ పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పైన ట్యాపెట్ల దాకా ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి. సీసా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూడండి. ఆ గుర్తు ఉన్నది ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొచ్చే రకం. కారు ఆయిల్ చవకగా దొరికిందని పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

చెరువుల దగ్గర పని చేసేవాళ్ళకి

ఇదే పరీక్ష ఏరేటర్లకీ పనికొస్తుంది. చక్రాల ఏరేటర్‌లో గేరు బాక్సు ఉంటుంది, దానిలో ఆయిల్ ఉంటుంది, షాఫ్టు దగ్గర సీలు ఉంటుంది. అది పోతే ఆయిల్ నేరుగా చెరువులోకే పోతుంది. పొద్దున్నే గాలి లేనప్పుడు నీటి మీద రంగురంగుల పొర కనిపిస్తే ముందు ఏరేటర్ సీళ్ళు చూడండి. ఆ పొర గాలి నీటిలో కలవకుండా అడ్డం పడుతుంది, ఆక్సిజన్ కోసమే పెట్టిన మిషను ఆక్సిజన్‌కి అడ్డం అవుతుంది. గట్టు మీద డీజిల్ ఇంజన్ పెట్టేవాళ్ళు కింద ఇసుక పోసిన రేకు ట్రే ఒకటి ఉంచితే కారినది చెరువులోకి జారదు. కరెంటు మోటారు ఉన్న ఏరేటర్ మీద చేయి వేసే ముందు స్విచ్ కాదు, మెయిన్ తీసేయాలి. తడి గట్టు మీద దీనికి మినహాయింపు లేదు.

కారు ఉన్నవాళ్ళు కింద దూరి చూడాలనుకుంటే జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరొద్దు. జాకీ జారి మనుషులు పోయిన సంగతులు ఎవరో ఒకరు మనకి చెప్పే ఉంటారు. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, గట్టి స్టాండ్లు వేసి, ఆ తర్వాతే. లేదా షెడ్డులో గుంట మీద చూపించుకోండి.

తీసిన ఆయిల్ ఏం చేయాలి?

మన వీధుల్లో ఇది కాలువలోకి పోతుంది, లేదా చెదలు పట్టకుండా అని గుంజలకి, తలుపులకి రాస్తారు. వాడేసిన ఆయిల్లో ఇంజన్ అరిగిన లోహపు పొడి, కాలిన మసి ఉంటాయి. పిల్లలు చేతులు వేసే తలుపుకి రాయాల్సిన వస్తువు కాదు. కాలువలో పోస్తే అది ఏదో ఒక దారిలో పెన్నాకో, బకింగ్‌హాం కాలువకో, చివరికి సముద్రానికో చేరుతుంది. మన చెరువులకి నీళ్ళు తోడుకునేదీ ఆ పక్క నుంచే. ప్రభుత్వ నియమాల్లో కూడా వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క, 2016 నాటి నియమాలు అదే చెబుతున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారు చేసే కంపెనీలే వాడేసిన ఆయిల్‌ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత కొంత మోయాలనే నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. మనం చేయగలిగింది చిన్నదే. ఖాళీ ఆయిల్ సీసాలోనే తిరిగి పోసి మూత బిగించి, పెద్ద షెడ్డులో గానీ కంపెనీ సర్వీసు సెంటరులో గానీ డ్రమ్ములో పోయమని ఇవ్వండి. వాళ్ళు ఎట్లాగూ డ్రమ్ములు నింపి అమ్ముతారు, చాలావరకు కాదనరు. నీళ్ళ సీసాలో మాత్రం పోసి పెట్టొద్దు, ఇంట్లో ఎవరైనా తాగే ప్రమాదం ఉంది.

గచ్చు మీది మరకకి మా అమ్మీ పద్ధతి పని చేసింది: పొయ్యి బూడిద గానీ రంపపు పొట్టు గానీ పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఊడ్చి, గిన్నెల సబ్బుతో వేడి నీళ్ళు పోసి గట్టి చీపురుతో రుద్దడం. మూడుసార్లు చేయాల్సి వచ్చింది. నీడ ఇంకా కొంచెం ఉంది.

తమ్ముడి బండికి ఒక వాషర్, ఒక సీలు, ఒక సీసా ఆయిల్ పట్టాయి. పని అయిన రాత్రి కొత్త అట్టముక్క వేశాం. పొద్దున ఒక చుక్క ఉంది. గుండె జారింది, కానీ అది కడిగినప్పుడు సందులో మిగిలిన పాత ఆయిల్. రెండో రాత్రి అట్ట పొడిగా ఉంది. మీరూ మొదటి రాత్రి చూసి కంగారు పడకండి, మూడు రాత్రులు వరసగా చూడండి. వారం తర్వాత కొలత పుల్ల ఒకసారి, ఆ తర్వాత నెలకు రెండుసార్లు. అబ్బా ఇప్పుడు తలుపు తీయగానే ముందు లైటు వేసి కిందికి చూస్తున్నారు.